చిన్న లేత్‌లో శాడిల్ ఎందుకు ఊగుతుంది? మరలు బిగిస్తే సరిపోదా?

చిన్న లేత్ కొనుక్కుని ఇంట్లోనే లోహపు పని మొదలుపెట్టినవారికి తొలి నెలల్లోనే కొన్ని చిక్కులు ఎదురవుతుంటాయి. కమ్మీని నునుపుగా చెక్కబోతే పైన అలల్లాంటి గీతలు పడతాయి. ముక్కను కోసి వేరు చేస్తుండగా టూల్ ఉన్నట్టుండి లోహంలోకి దిగబడి విరుగుతుంది. డయల్‌ను 0.05 మిల్లీమీటర్ల మేర తిప్పితే ఒకసారి ఏమీ తెగదు, మరోసారి రెట్టింపు తెగుతుంది.

లోపం టూల్‌లో ఉందనుకుని కొందరు కొత్తది కొంటారు. మోటారుకు శక్తి చాలడం లేదనుకుని మరికొందరు యంత్రాన్నే అమ్మేస్తారు. అయితే చాలా సందర్భాల్లో అసలు కారణం టూల్‌కు జానెడు దిగువన, కంటికి కనిపించని చోట ఉంటుంది. బెడ్‌పై జారే శాడిల్ దానిపై సరిగా కూర్చోకపోవడమే ఆ కారణం.

దీనిని సరిచేయడానికి పెద్ద ఖర్చు అవసరం లేదు. కొలత, ఓర్పు, కొన్ని పలుచని లోహపు రేకులు చాలు. కానీ ముందుగా తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. ఈ పని మరలు బిగించడంతో పూర్తి కాదు, కొన్నిసార్లు దానివల్లే చెడిపోతుంది.

శాడిల్ అంటే ఏమిటి?

ఆంగ్లంలో శాడిల్ అంటే జీను. గుర్రం వీపుపై అటూ ఇటూ కాళ్లు చాపి జీను కూర్చున్నట్టే, లేత్ బెడ్‌లోని రెండు దారులపై అడ్డంగా కూర్చునే పోత ఇనుప భాగానికి ఆ పేరు పెట్టారు. దాని మీద క్రాస్ స్లైడ్, ఆ పైన కాంపౌండ్ స్లైడ్, అన్నిటికన్నా పైన టూల్ పోస్ట్ ఉంటాయి. ముందు వైపు వేలాడే పెట్టెలాంటి భాగం ఏప్రాన్. చేతి చక్రం, లీడ్ స్క్రూను పట్టుకునే హాఫ్ నట్ అందులో ఉంటాయి. ఇవన్నీ కలిస్తే క్యారేజ్.

అంటే టూల్ మొన ఎంత స్థిరంగా ఉండాలన్నా అది అట్టడుగున ఉన్న శాడిల్ స్థిరత్వానికి మించి ఉండదు. పునాది కదులుతుంటే పై అంతస్తులను ఎంత బిగించినా ప్రయోజనం ఉండదు.

అభిరుచి కోసం వాడే లేత్‌లలో ప్రపంచవ్యాప్తంగా ఎక్కువగా కనిపించేవి 7 అంగుళాల తరగతి మినీ లేత్‌లు. ఇవి చైనాలో తయారై, వేర్వేరు దేశాల్లో వేర్వేరు రంగులతో, పేర్లతో అమ్ముడవుతాయి. షాంఘైకి చెందిన సీగ్ సంస్థ తయారుచేసే సీ2, సీ3 మోడళ్లు ఈ కోవకు చెందినవే. వీటిలో సుమారు 180 మిల్లీమీటర్ల వ్యాసం వరకు వస్తువును తిప్పవచ్చు. బరువు దాదాపు 40 కిలోలు. ఈ కథనంలోని వివరాలు ప్రధానంగా ఈ తరగతి యంత్రాలకు వర్తిస్తాయి. సూత్రం మాత్రం ఐటీఐ వర్క్‌షాపులోని పెద్ద లేత్‌కైనా ఒక్కటే.

శాడిల్‌ను పట్టి ఉంచేది ఏది?

మినీ లేత్ బెడ్‌లో ముందు వైపు దారి ఇంగ్లీషు 'వి' అక్షరాన్ని తలకిందులు చేసినట్టు గట్టులా ఉంటుంది. వెనుక వైపు దారి చదునుగా ఉంటుంది. శాడిల్ అడుగున ఉన్న గాడి ముందు గట్టుపై కూర్చుని, క్యారేజ్ పక్కకు జరగకుండా చూస్తుంది. వెనుక దారి బరువును మోస్తుందే తప్ప దిశను నిర్దేశించదు.

శాడిల్ పైకి లేవకుండా ఆపే బాధ్యత బెడ్ అంచుల కింద ఉండే రెండు ఇనుప పట్టీలది. ఒకటి ముందు, ఒకటి వెనుక. శాడిల్ అడుగుకు మరలతో బిగించిన ఈ పట్టీలు బెడ్ అంచు కిందికి చొచ్చుకుని ఉంటాయి.

టూల్ కోస్తున్నప్పుడు లోహం దానిని కిందికి నొక్కుతుంది కదా, ఇక పట్టీల అవసరం ఏముందన్న సందేహం రావచ్చు. కోత బలం కిందికి మాత్రమే ఉండదు. టూల్‌ను పనివాడి వైపు వెనక్కి నెట్టే బలం కూడా ఉంటుంది. టూల్ మొన బెడ్‌కు చాలా ఎత్తున ఉంటుంది కాబట్టి ఆ నెట్టుడు శాడిల్ వెనుక అంచును పైకి లేపడానికి చూస్తుంది. పెద్ద లేత్‌లో క్యారేజ్ బరువే దానిని చాలా వరకు అణచి ఉంచుతుంది. చిన్న లేత్‌లో ఆ బరువు ఉండదు. అందుకే ఇక్కడ పట్టీలు సరిగా ఉండటం మరింత ముఖ్యం.

ఇంకో బలం కూడా ఉంది. చేతి చక్రం, లీడ్ స్క్రూ శాడిల్‌ను ముందు అంచు దగ్గర లాగుతాయి. టూల్‌కు ఎదురయ్యే ప్రతిఘటన మాత్రం మధ్యలో ఉంటుంది. దాంతో శాడిల్ కొద్దిగా మెలి తిరగడానికి ప్రయత్నిస్తుంది. గాడి గట్టుపై పూర్తిగా ఆనకపోతే ఆ మెలిక నేరుగా టూల్ మొనకు చేరుతుంది.

లోపం ఎక్కడ ఉంది?

ఈ యంత్రాల తక్కువ ధరకు ఒక కారణం చేతి పనిని తగ్గించడం. కర్మాగారంలో ప్రతి శాడిల్‌నూ దాని బెడ్‌కు ప్రత్యేకంగా సరిపోల్చి చెక్కడానికి బదులు, సర్దుబాటు మరలు పెట్టి వదిలేస్తారు. సాధారణంగా ఒక్కో పట్టీని మూడు మరలు పైకి లాగుతాయి. వాటి మధ్య ఉండే రెండు చిన్న గ్రబ్ స్క్రూలు పట్టీని కిందికి నెడతాయి. ఈ లాగుడు, నెట్టుడు ఎక్కడ సమమైతే పట్టీ అక్కడ నిలుస్తుంది.

కాగితంపై ఇది సరిగానే కనిపిస్తుంది. ఆచరణలో మూడు ఇబ్బందులున్నాయి. మొదటిది, పట్టీకి గట్టి ఆసరా ఉండదు. రెండు గ్రబ్ స్క్రూల మొనలపై అది తక్కెడ కాడలా వేలాడుతుంది. మరలను కాస్త బిగిస్తే ఒక పక్కకు వాలి, బెడ్‌ను ఒక అంచుతోనే తాకుతుంది. రెండోది, అదురుకు లాక్ నట్లు వదులవుతాయి. ఈ రోజు సరిగ్గా ఉన్న సర్దుబాటు నెల తరువాత అలాగే ఉంటుందన్న నమ్మకం లేదు. మూడోది, బెడ్ పై భాగాన్ని నునుపుగా గ్రైండ్ చేసినంత శ్రద్ధగా దాని అడుగు భాగాన్ని చేయరు. దాని మందం పొడవునా ఒకేలా లేకపోతే శాడిల్ ఒకచోట బిగుతుగా, మరోచోట వదులుగా నడుస్తుంది.

గట్టిగా బిగిస్తే ఏమవుతుంది?

శాడిల్ ఊగుతోందని తెలియగానే అలెన్ కీ తీసుకుని మరలన్నీ బిగించడం సహజమైన స్పందన. ఊగడం ఆగినట్టే అనిపిస్తుంది. కానీ ఆగింది ఊగడం కాదు, జారడం. పట్టీలు వంగి బెడ్‌ను అంచులతో కొరుకుతాయి. చేతి చక్రం బరువెక్కుతుంది. ఆటోమేటిక్ ఫీడ్‌లో ఆ భారమంతా హాఫ్ నట్‌పై, గేర్లపై పడుతుంది. కొన్ని మోడళ్లలో ఈ గేర్లు ప్లాస్టిక్‌వి.

అంతకన్నా సూక్ష్మమైన నష్టం మరొకటి ఉంది. బిగువుగా ఉన్న శాడిల్ సాఫీగా కదలదు. కాసేపు పట్టుకుని, హఠాత్తుగా ఒక గెంతు వేస్తుంది. సన్నని కోత వేయాలనుకున్నప్పుడు ఆ గెంతే కొలతను పాడుచేస్తుంది. జీను పట్టెడ వదులైతే రౌతు పడిపోతాడు, మరీ బిగిస్తే గుర్రం నడవలేదు. ఇక్కడ వెతకాల్సిందీ ఆ మధ్యస్థితినే.

ముందు కొలత, తరువాతే రెంచి

సరిచేయడానికి ముందు లోపం ఎంత ఉందో తెలియాలి. ఇందుకు అయస్కాంతపు పీఠం ఉన్న డయల్ గేజ్ కావాలి. విద్యుత్ ప్లగ్ తీసివేసి, పీఠాన్ని బెడ్‌పై నిలిపి, గేజ్ ముల్లును నిట్టనిలువుగా శాడిల్ మూలపై ఆనించాలి. ముల్లు క్రాస్ స్లైడ్‌పై కాకుండా శాడిల్‌పైనే ఉండాలి. లేకుంటే క్రాస్ స్లైడ్ వదులు కూడా లెక్కలోకి వచ్చి తప్పుదారి పట్టిస్తుంది.

చిన్న కర్రను సన్నకోలలా వాడి శాడిల్‌ను మెల్లగా పైకి ఎత్తి వదలాలి. ముల్లు కదిలినంత వదులు ఆ మూలలో ఉన్నట్టు. నాలుగు మూలల్లోనూ ఇలా చూసి, బెడ్‌పై హెడ్ స్టాక్ దగ్గర, మధ్యలో, చివర కొలతలు రాసుకోవాలి. మొత్తం పన్నెండు అంకెలు. ఈ చిన్న పట్టికే మిగతా పనికంతటికీ ఆధారం.

సాధారణ పనులకు 0.02 నుంచి 0.03 మిల్లీమీటర్ల వదులును మంచి లక్ష్యంగా తీసుకోవచ్చు. నూనె పొర నిలవడానికి ఆ మాత్రం సందు ఉండాలి. మనిషి వెంట్రుక మందం సాధారణంగా ఇంతకన్నా ఎక్కువే.

విప్పడం, శుభ్రపరచడం

టెయిల్ స్టాక్‌ను, లీడ్ స్క్రూ కుడి చివరి బ్రాకెట్‌ను తీసివేస్తే క్యారేజ్ బెడ్ చివర నుంచి బయటకు జారుతుంది. ఏప్రాన్‌ను శాడిల్ నుంచి వేరు చేసి, అడుగు పట్టీలు విప్పాలి. ఏ పట్టీ ముందుదో, ఏది వెనుకదో, ఏ కొన ఎటువైపో మార్కర్‌తో గుర్తు పెట్టుకోవడం మంచిది.

రవాణాలో తుప్పు పట్టకుండా పూసిన జిగురు గ్రీజును కిరోసిన్‌తో కడిగేయాలి. పోత ఇనుము అంచుల్లో మిగిలిన ముళ్లను సన్నని నూనె రాయితో తీసేయాలి. కొత్త యంత్రంలో శాడిల్ పూర్తిగా కూర్చోకపోవడానికి ఒక్కోసారి ఈ ముళ్లు, మూలల్లో ఇరుక్కున్న ఇనుప రజను, కారిన రంగు మాత్రమే కారణం కావచ్చు. శుభ్రం చేశాక మళ్లీ కొలిచి చూడాలి.

పట్టీల పై ముఖం చదునుగా ఉందో లేదో కూడా ఇప్పుడే చూడాలి. మందపాటి గాజు పలకపై నీటికి తట్టుకునే ఎమెరీ కాగితం పరిచి, పట్టీని దానిపై రుద్దితే ఎత్తుపల్లాలు మెరుపు తేడాలో కనిపిస్తాయి. ముఖమంతా ఒకే రంగులోకి వచ్చేవరకు రుద్దితే సరిపోతుంది.

పై భాగం ఆనుతోందా?

అడుగు పట్టీల జోలికి వెళ్లే ముందు శాడిల్ పై దారులపై సరిగా కూర్చుంటోందా అన్నది తేల్చుకోవాలి. పట్టీలు లేకుండా శాడిల్‌ను బెడ్‌పై ఉంచి, ఎదురెదురు మూలలను వేళ్లతో మార్చి మార్చి నొక్కాలి. కుంటి పీటలా టకటకలాడితే అది మూడు కాళ్లపైనే నిలబడుతోందని అర్థం. గాడి, వెనుక చదును ఒకే తలంలో లేనప్పుడు ఇలా జరుగుతుంది.

ఎక్కడ ఆనుతోందో చూడటానికి ప్రష్యన్ బ్లూ అనే నీలి రంగును బెడ్‌పై పొగమంచులా పలుచగా పూసి, శాడిల్‌ను కొద్దిగా జరిపి తీయాలి. రంగు అంటినవి ఎత్తైన చోట్లు. శాడిల్ పొడవులో రెండు చివరల రంగు అంటడం మంచిది. మధ్యలో మాత్రమే అంటితే అది ఆ మధ్య బిందువుపై ఊగుతుంది. అప్పుడు స్క్రేపర్‌తో మధ్య భాగాన్ని కొద్దిగా తగ్గించాలి. స్క్రేపర్ ఒక విడతకు తీసేది కొన్ని మైక్రాన్లే. చెక్కడం, రంగు పూయడం, చూడడం పదే పదే సాగాలి. చెక్కేది శాడిల్‌నే. బెడ్‌ను ముట్టుకోకూడదు.

గరుకు పొడి కలిపిన ల్యాపింగ్ పేస్టును దారులపై పూసి, శాడిల్‌ను ముందుకు వెనక్కు రుద్దే పద్ధతిని కొందరు ఎంచుకుంటారు. అది తేలికే, కానీ ప్రమాదం లేనిది కాదు. పేస్టు శాడిల్‌తో పాటు బెడ్‌నూ అరగదీస్తుంది. రుద్దిన మేర బెడ్ పల్లమవుతుంది. మొండి రేణువులు పోత ఇనుములో దిగబడితే తరువాత కూడా అరుగుదల సాగుతూనే ఉంటుంది.

ఈ వాదన కొత్తది కాదు. బ్రిటన్ ఇంజినీరు జోసెఫ్ విట్‌వర్త్ 1840లో గ్లాస్గోలో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సమావేశంలో నిజమైన చదును తలాల తయారీపై ఒక పత్రం సమర్పించారు. ఎమెరీతో రుద్దడం వల్ల అసలైన చదును రాదని, ఎత్తైన చోట్లను గుర్తించి స్క్రేపర్‌తో తీయడమే మేలని ఆయన ప్రతిపాదించారు. ఎమెరీకి ఎత్తూ పల్లమూ తేడా తెలియదు. స్క్రేపర్ పట్టిన చేతికి తెలుస్తుంది.

షిమ్‌లతో శాశ్వత పరిష్కారం

పై భాగం కుదిరాక అడుగు పట్టీల వంతు వస్తుంది. ఈ క్రమం తప్పకూడదు. పైన చెక్కితే శాడిల్ కొద్దిగా కిందికి దిగుతుంది, దాంతో అడుగున సందు మారిపోతుంది.

గ్రబ్ స్క్రూల మొనలపై వేలాడుతున్న పట్టీకి గట్టి ఆసరా కల్పించడమే ఇక్కడ చేయవలసింది. శాడిల్‌కూ పట్టీకీ మధ్య కచ్చితమైన మందం ఉన్న లోహపు రేకులు, అంటే షిమ్‌లు పెట్టి, మరలను పూర్తిగా బిగిస్తారు. గ్రబ్ స్క్రూలను వెనక్కి తిప్పి వదిలేస్తారు. ఆపై సందును నిర్ణయించేది మర బిగింపు కాదు, రేకు మందం.

మందాన్ని ఇలా లెక్కించవచ్చు. గ్రబ్ స్క్రూలు వెనక్కి తీసి, పట్టీ బెడ్ అడుగును తాకే వరకు మరలను వేళ్లతో మాత్రమే తిప్పాలి. ఇప్పుడు పట్టీకీ శాడిల్‌కూ మధ్య మిగిలిన సందును ఫీలర్ గేజ్‌తో రెండు కొనల్లోనూ కొలవాలి. ఉదాహరణకు ఎడమ కొనలో 0.42, కుడి కొనలో 0.46 మిల్లీమీటర్లు వచ్చాయనుకుంటే, కావలసిన 0.03 వదులును కలిపి ఎడమ వైపు 0.45, కుడి వైపు 0.49 మందం ఉండాలి. సందు కన్నా షిమ్ ఎంత మందంగా ఉంటే బెడ్ కింద అంత వదులు మిగులుతుంది.

ఈ కొలతను బెడ్‌లో అత్యంత మందమైన చోట తీసుకోవాలి. ముందు రాసుకున్న పట్టికలో వదులు అతి తక్కువగా ఉన్న స్థానమే అది. పలుచని చోట కొలిచి షిమ్ వేస్తే మందమైన చోట శాడిల్ ఇరుక్కుపోతుంది. బాగా వాడిన యంత్రంలో అరుగుదల హెడ్ స్టాక్ సమీపంలో ఎక్కువ ఉంటుంది కాబట్టి, అక్కడి కొలతతో సరిచేస్తే అవతలి చివర బిగుసుకుంటుంది.

షిమ్‌లకు ఇత్తడి లేదా ఉక్కు రేకు శ్రేష్ఠం. శీతల పానీయాల అల్యూమినియం డబ్బా గోడ సుమారు 0.1 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అత్యవసరంలో అది కూడా పనికొస్తుంది, అయితే వాడే ముందు మైక్రోమీటర్‌తో కొలవాలి. కాగితం నూనెలో నాని, ఒత్తిడికి నలుగుతుంది కాబట్టి శాశ్వతంగా వాడకూడదు. రేకులు ఎన్ని తక్కువైతే అంత మేలు. కత్తెరతో కోసిన అంచుల ముళ్లు కూడా తీసేయాలి. ఆ ముల్లే ఒక్కోసారి రేకు మందానికి సమానంగా ఉంటుంది.

బిగించాక మళ్లీ చూడాల్సినవి

ఏప్రాన్ పెట్టకముందే శాడిల్‌ను బెడ్ పొడవునా చేత్తో జరిపి చూడాలి. ఎక్కడా పట్టకుండా, ఒకే బరువుతో కదలాలి. ఆ తరువాతే ఏప్రాన్ బిగించి మళ్లీ జరపాలి. ఇప్పుడు బరువెక్కితే తప్పు పట్టీలది కాదు. ఏప్రాన్‌లోని చిన్న గేరు, బెడ్‌కు ఉన్న పళ్ల పట్టీకి మరీ దగ్గరగా ఉండి శాడిల్ ముందు భాగాన్ని నెడుతుండవచ్చు. హాఫ్ నట్ మూసినప్పుడు లీడ్ స్క్రూ పైకో కిందికో కదిలినా సర్దుబాటు అవసరమే. ఈ రెండింటినీ గమనించకపోతే, పాపం చేయని పట్టీలనే మళ్లీ మళ్లీ విప్పుతూ ఉండాల్సి వస్తుంది.

దారులపై వాడే 68 గ్రేడ్ స్లైడ్‌వే నూనెను పలుచగా పూయాలి. తరువాత క్రాస్ స్లైడ్, కాంపౌండ్ స్లైడ్‌లలోని గిబ్‌లను సరిచేయాలి. కింది నుంచి పైకి రావడమే ఈ పని వరస.

చివరి పరీక్ష కోతతోనే. సుమారు 50 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న అల్యూమినియం కమ్మీ ముఖాన్ని సన్నగా చెక్కి, దానిపై ఉక్కు స్కేలు అంచును ఆనించి వెలుతురులో చూడాలి. మధ్యలో అతి స్వల్పంగా పల్లం ఉండటం లేత్‌లో ఆమోదయోగ్యమే. మధ్యలో ఉబ్బెత్తుగా ఉంటే మాత్రం అలా కాదు. స్క్రేపింగ్ తరువాత ఉబ్బు కనిపిస్తే క్రాస్ స్లైడ్ దారి స్పిండిల్ అక్షానికి లంబంగా లేదని, గాడిని ఒక వైపు ఎక్కువగా చెక్కారని అనుమానించాలి.

దీనితో తీరని సమస్యలు

లేత్‌లో ప్రతి అదురుకూ శాడిల్ కారణం కాదు. స్పిండిల్ బేరింగులు వదులైనా, టూల్ మొన కేంద్రం ఎత్తుకు లేకపోయినా, టూల్ మొద్దుబారినా అవే లక్షణాలు కనిపిస్తాయి. కమ్మీ ఒక చివర లావుగా, మరో చివర సన్నగా వస్తే బెడ్ మెలిక తిరిగిందేమో, హెడ్ స్టాక్ వరసలో ఉందో లేదో చూడాలి. శాడిల్ షిమ్‌లు దానికి మందు కావు. చాలా మినీ లేత్‌లలో క్యారేజ్‌ను ఒకచోట నిలిపే లాక్ ఉండదు. ముఖం చెక్కేటప్పుడు, ముక్క కోసేటప్పుడు అది ఎంతో ఉపకరిస్తుంది కాబట్టి చాలామంది సొంతంగా అమర్చుకుంటారు. అయితే వదులు శాడిల్‌ను లాక్‌తో దాచిపెడితే, క్యారేజ్ కదులుతూ కోసే పనుల్లో లోపం అలాగే ఉంటుంది.

స్క్రేపింగ్ చేయి తిరగనివారు ఆ ఒక్క దశకు అనుభవజ్ఞుల సాయం తీసుకోవడం ఉత్తమం. ఐటీఐ ఫిట్టర్ ట్రేడ్‌లో శిక్షణ పొందినవారికి ఈ పని పరిచయమే. హైదరాబాద్‌లోని బాలానగర్, విజయవాడ ఆటోనగర్ వంటి ప్రాంతాల్లోని వర్క్‌షాపుల్లో సర్ఫేస్ ప్లేట్, గ్రైండింగ్ సదుపాయాలున్న చోట పట్టీలను చదును చేయించుకోవచ్చు.

శుభ్రపరచడం, కొలవడం, షిమ్‌లు వేయడం మాత్రం ఎవరైనా ఒక వారాంతంలో ఇంట్లో పూర్తి చేయగలరు. పని ముగిశాక పన్నెండు అంకెల పట్టికను మరోసారి నింపి, పాతదాని పక్కన తేదీతో యంత్రం దగ్గరే ఉంచుకోవాలి. ఆరు నెలలకోసారి అదే కొలత తీసుకుంటే, ఎప్పుడు ఒక రేకు మార్చాలో ఊహతో పని లేకుండా తెలుస్తుంది.